గుడ్ల దొంగ ఎవరు? నాలుగో పాఠం: ముందు వేళ తేల్చండి

పెరటి కోళ్ల గుడ్లు ఎత్తుకుపోయేది ఎవరో కనిపెట్టడానికి పెంకు అంచులు ఎలా చూడాలో మూడో పాఠంలో చెప్పాను. దాని తర్వాత మీరు రాసినవి చదివాక రెండు రోజులు నా మనసు కుదురుగా లేదు. బెంగళూరులో సర్జాపుర వైపు ఒకాయన పెంకు ఫోటో పంపి "ముంగిసే కదండీ?" అని అడిగి, నేను జవాబు ఇచ్చేలోపే బోను పెట్టేశారు. తెల్లారి చూస్తే అందులో పక్కింటి వాళ్ల పిల్లికూన. రాత్రంతా నీళ్లు కూడా లేకుండా ఉంది పాపం. గుడ్లు మాత్రం మర్నాడూ పోయాయి. హెసరఘట్ట దగ్గర ఇంకొకావిడ షెడ్డు మూలనున్న తూమును రాత్రి పదింటికి సిమెంటుతో మూయించారు. నాగుపాము లోపలే ఉండిపోయింది. పాములు పట్టే ఆయన వచ్చి తీసుకెళ్లేదాకా ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అందుకని ఈసారి చెప్తానన్న కంచె పాఠం ఆపేశాను. దొంగ ఎవరో తెలియకుండా కంచె కట్టడం దండగ. పైగా ముంగిస, పునుగు పిల్లి, ఉడుము, నాగుపాము, జెర్రిపోతు అన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తాయి. వాటిని పట్టినా చంపినా నేరమే. బోను ఉన్నవాళ్లు అటకెక్కించేయండి.

ఇక పెంకు సంగతి. పెంకు ఒక్కటే చూసి పేరు చెప్పొద్దు. గుడ్డు ఒకసారి చిట్లిందంటే దాని మీద నాలుగు నోళ్లు పడతాయి. ముంగిస కొరికి సగం తాగి పోతుంది. పచ్చసొన చూసి కోళ్లు వచ్చి పొడుస్తాయి. చీమలు పడతాయి. మిగిలిన ముక్కను కాకి ఎత్తుకెళ్లి గోడ మీద పడేస్తుంది. మీరు ఫోటో తీసింది ఆ ముక్కనే. దాని అంచు లోపలికి వంగిందా, బయటికి వంగిందా అని చూస్తే తెలిసేది చివరగా ముట్టుకున్నది ఎవరో, అంతే. ఒకే ముంగిస ఈరోజు గుడ్డుకు చిన్న కన్నం పెడుతుంది, రేపు మొత్తం నలిపేస్తుంది.

"పెంకే లేదు, కాబట్టి పాము" అన్నవాళ్లు ఏడుగురు. అదీ తప్పే. నాగుపాము, ఉడుము గుడ్డును అలాగే మింగేస్తాయన్నది నిజం. కానీ కాకి ముక్కున కరుచుకుని ఎగిరిపోతుంది. కోతి చేత్తో పట్టుకుని పోతుంది. పందికొక్కు బొరియలోకి లాక్కుపోతుంది. కోడి తన గుడ్డును తానే పెంకుతో సహా తినేస్తుంది. ఫోటోలు పంపిన వారందరినీ నేను ఒకటే అడిగాను, గుడ్డు ఏ వేళకు పోయిందని. ఒక్కరూ చెప్పలేకపోయారు.

వేళ ఎందుకంత ముఖ్యమో చూడండి. కోడి ఎక్కువగా పొద్దున పూటే, తెల్లవారిన కొన్ని గంటల్లోనే గుడ్డు పెడుతుంది. ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందుకే రోజురోజుకూ కొంచెం ఆలస్యమవుతూ మధ్యాహ్నం దాకా వచ్చి, ఒకరోజు మానేస్తుంది. మీరు మధ్యాహ్నం రెండున్నరకు గుడ్లన్నీ తీసేస్తే, పొదిగే కోడి కింద ఉన్నవి తప్ప రాత్రి దొంగకు దొరికేది దాదాపు ఏమీ ఉండదు. అయినా రావాల్సినన్ని గుడ్లు రావడం లేదంటే అది పగటి దొంగ, లేదా మీ కోడే. బయట తిరిగే నాటు కోడి అయితే పక్క ఖాళీ సైటులో లాంటానా పొద కింద పెడుతూ ఉండొచ్చు, అది కూడా వెతకండి.

పగలు వచ్చేవి ముంగిస, ఉడుము, కాకి, కోతి. రాత్రి వచ్చేవి పందికొక్కు, మానుపిల్లి. మానుపిల్లి అంటే పునుగు పిల్లుల్లో చెట్లెక్కే రకం. బెంగళూరులో పెంకుటిళ్ల అటకల్లో, పాత మామిడి చెట్ల మీద బాగా ఉంటుంది. నాగుపాముకు మాత్రం వేళ అంటూ లేదు.

వేళ తేలాక అడుగుజాడ. చాలామంది ముగ్గుపిండి చల్లారట. బియ్యప్పిండి అయితే చీమలు పడతాయి, రాతిముగ్గు అయితే గరుకుగా ఉండి గోరు గుర్తు నిలవదు. నేనైతే మన ఎర్రమట్టినే పిండి జల్లెడలో జల్లించి, గూడు గుమ్మం ముందు రెండు మూరల మేర పలచగా పరిచి, అరచేత్తో నునుపు చేస్తాను. మా పాత షెడ్డు ముందు మొదటిసారి ఇలా పరిచిన రోజు ఐదు వేళ్లు, వాటి ముందు సూదితో గుచ్చినట్టు గోటి చుక్కలు పడ్డాయి. అది ముంగిస. దానికి బొటనవేలు ఒక్కోసారి పడదు, నాలుగే కనిపిస్తాయి. అప్పుడు పిల్లి అనుకోకండి, పిల్లి జాడలో గోళ్లు కనిపించవు. గోళ్లతో నాలుగు వేళ్లు కాస్త పెద్దగా ఉంటే కుక్క కూడా కావచ్చు. జాడల మధ్యలో వంకర టింకరగా తోక గీత, అటూ ఇటూ పొడుగు గోళ్ల అడుగులు ఉంటే ఉడుము. అడుగే లేకుండా గీత ఒక్కటే ఉంటే పాము.

కాకికి, కోడికి ఇద్దరికీ మూడు వేళ్లు ముందుకే ఉంటాయి. తేడా వెనక వేలిది. కాకి వెనక వేలు పొడుగ్గా, పూర్తిగా మట్టిలో పడుతుంది. కోడిది పైకి ఉంటుంది, పడితే చుక్కలా పడుతుంది.

పెంటికల గురించి ఎక్కువ చెప్పను. గోడ మీదో ట్యాంకు మూత మీదో పండ్ల గింజలతో నిండిన మలం కనిపిస్తే మానుపిల్లి వచ్చి వెళ్లినట్టే.

కోడి మీద అనుమానం ఉంటే సాయంత్రం దాని ముక్కు చూడండి. ఎండిన పచ్చసొన పసుపు పొరలా అంటుకుని ఉంటుంది. ఆ అలవాటు మాన్పించడానికి ఆల్చిప్పల పొడి విడిగా పెట్టండి, గుడ్లు పెట్టే చోట చీకటి చేయండి. కోడిని ఏమార్చడానికని ప్లాస్టిక్ గుడ్డు, గోల్ఫ్ బంతి మాత్రం పెట్టకండి. పాము నిజం గుడ్డు అనుకుని మింగితే అది అరగదు, కడుపు కోసి తీయాలి. గాయపడిన జంతువు ఏదైనా కనిపిస్తే అటవీ శాఖకు గానీ, కెంగేరిలోని పీపుల్ ఫర్ యానిమల్స్ ఆసుపత్రికి గానీ చెప్పండి. మీరు చేయి పెట్టొద్దు.

అభ్యాసం ఏడు రోజులు. కష్టమే, అయినా చేయండి. పొద్దున ఆరున్నర, పది, మధ్యాహ్నం రెండున్నర, సాయంత్రం ఆరు, రాత్రి తొమ్మిదిన్నర. ఈ ఐదు వేళలకూ గుడ్లు లెక్కపెట్టి కాగితం మీద రాయాలి. కొత్త గుడ్డు కనిపిస్తే వెడల్పు వైపు పెన్సిల్‌తో వేళ రాసి అక్కడే ఉంచండి. మొదటి నాలుగు రోజులు ఒక్క గుడ్డూ తీయొద్దు, చివరి మూడు రోజులు రెండున్నరకు అన్నీ తీసేయండి. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే దొంగ పగటిదో రాత్రిదో మీకే కనిపిస్తుంది. ఆఫీసుకు వెళ్లేవాళ్లు పది, రెండున్నర లెక్కలు ఇంట్లో ఎవరికైనా అప్పగించండి. పొదిగే కోడి ఉంటే దాన్ని గుడ్లతో సహా ఇంట్లోకి తెచ్చి గంప కింద పెట్టండి, ఈ లెక్కలోకి దాన్ని తేవద్దు. మట్టి రోజూ రెండుసార్లు నునుపు చేయాలి, పొద్దున ఒకసారి, చీకటి పడే ముందు ఒకసారి. ఏడో రోజు రాత్రి ఆ కాగితం చదువుకునేదాకా షెడ్డుకున్న ఒక్క కన్నం కూడా మూయకండి.