అటక మీది తాటాకు కట్టను చదవడం ఎలా

పౌరోహిత్యం చేసిన మా తాతగారి కట్టలలో మాకు మిగిలింది ఒక్కటే. తక్కినవి ఆయన పోయాక గోదావరిలో కలిపారు. మీ ఇంట్లో అలాంటిది ఉంటే దయచేసి ముందు చదవండి.

పాత తాడును లాగకండి, ఆకు రంధ్రం చీలిపోతుంది. కత్తెరతో తెంచి, ఆకులను ఉన్న వరుసలోనే గుడ్డ మీద పరిచి, మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. నీరు తగలనివ్వకూడదు. ఘంటం అనే ఇనుప కలంతో గీసిన అక్షరాలలో నింపిన మసి పోతే ఆకు ఖాళీగా కనిపిస్తుంది. పక్క నుంచి టార్చి లైటు వేస్తే గాట్లలో నీడ పడి అక్షరం తేలుతుంది. అలాగే ఫోటో తీసుకోండి.

చదవడం చివరి ఆకుతో మొదలుపెట్టండి. రాసినవారు సంవత్సరం, తిథి, వారం చెప్పేది సాధారణంగా అక్కడే. మా కట్టలో ‘శుభకృత్’ అని ఉంది. అరవై ఏళ్లకొకసారి వచ్చే పేరు కనుక 1902–03 కావచ్చు, 1842–43 కావచ్చు. తిథికి వారం సరిపోయిన ఏడే అసలుది. మాకు పాతదే సరిపోయింది.

లిపి తెలుగే అయినా మాటల మధ్య ఖాళీలుండవు. వలపలగిలక (ముందు పలికే ‘ర్’ను అక్షరం తరువాత రాసే గుర్తు) తెలియకపోతే ‘కర్మ’ దగ్గరే ఆగిపోతారు: అక్కడ ‘కమ౯’ అని ఉంటుంది. మా కట్ట ఆపస్తంబ ప్రయోగం, అంటే ఆపస్తంబ సూత్రం ప్రకారం పెళ్లి వంటి కర్మలు చేయించే పద్ధతి చెప్పే పుస్తకం. ఇందులో పాణిగ్రహణం దగ్గర ‘గృభ్ణామి తే’ అని రెండు మాటలే ఉన్నాయి. లోపం అనుకోకండి. పూర్తి మంత్రం ఆ కర్మల మంత్రాలన్నీ ఉన్న ఏకాగ్నికాండలో ఉంటుంది, పురోహితునికి అది కంఠస్థం. ప్రయోగం చెప్పేది ఏది ముందు, ఏది తరువాత అన్నదే. అచ్చు ఏకాగ్నికాండను పక్కన పెట్టుకోండి.

వివాహ భాగంలో ఒక ఆకు అంచున తాతగారి దస్తూరీలో ‘ఆడవారిని అడుగవలెను’ అని చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. అది ఆయన సొంత మాట కాదు. ‘ఆవృతశ్చాస్త్రీభ్యః ప్రతీయేరన్’ అని ఇంటి కర్మలకు మూలమైన ఆపస్తంబ గృహ్యసూత్రమే చెబుతోంది: పెళ్లి ఆచారాలను స్త్రీల నుంచి తెలుసుకోవాలి. ఇరవై మూడు ఖండాల సూత్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన వాక్యం ఇదే.

కాబట్టి కట్టను ఒంటరిగా చదవకండి. ఇంట్లో పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకోండి. మా ప్రతిలో నాగవల్లి అనే పెళ్లి వేడుకకు ఒక్క మాటే ఉంది. దాని గురించి మా మేనత్త గంటసేపు చెప్పింది. ఆమె చెప్పినదంతా నోటు పుస్తకంలో ఆ ఆకు సంఖ్య కిందే రాసుకున్నాను. మీరూ అలాగే రాసుకోండి, చెప్పినవారి పేరుతో సహా.