వేట డైనోసార్ పళ్ళ సేకరణ – 4వ పాఠం: అంచు చదవడం

హైదరాబాద్ చుట్టూ ఉన్న బండలు సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్. వాటిలో డైనోసార్ పన్ను దొరకదు. ప్రాణహిత–గోదావరి లోయలో డైనోసార్ ఎముకలున్న రాళ్ళు ఉన్నాయి. బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అక్కడి యామనపల్లిది, అయితే అది ఆకులు తినే జంతువు. ఆ లోయలో ఏదైనా కంటబడితే తవ్వకండి. ఫొటో తీసి, చోటు రాసుకుని, బండ్లగూడలోని భూగర్భ సర్వే సంస్థ జీఎస్‌ఐ కార్యాలయానికి తెలపండి. ఇక మన చేతికొచ్చే వేట డైనోసార్ పళ్ళు చాలావరకు మొరాకో నుంచో అమెరికా నుంచో నలుగురి చేతులు మారి వచ్చినవి. దారిలో ఎవరు ఏం అతికించారో తేల్చుకోవడమే ఈ పాఠం.

రాణిగంజ్‌లో దొరికే డిజిటల్ వెర్నియర్ (దవడల మధ్య పెట్టి మి.మీ.లో కొలిచే పరికరం), నగల పనివాళ్ళు వాడే 10 రెట్ల భూతద్దం, 365 నానోమీటర్ల యూవీ టార్చి చాలు. వెర్నియర్ దవడలకు కాగితపు టేపు అంటించి, ఆ తర్వాతే సున్నా చేయండి. ఉక్కు నేరుగా తగిలితే పంటి గట్టి పైపొర ఎనామెల్ పెచ్చు లేస్తుంది.

ముందు కొలతలు. పన్ను మొదట్లో ముందు నుంచి వెనక్కి పొడవు, పక్క నుంచి పక్కకి మందం, తర్వాత ఎత్తు. మందాన్ని పొడవుతో భాగించండి. పొడవు 24 మి.మీ., మందం 11 మి.మీ. అయితే 0.46, అంటే పలచని పన్ను. టైరనోసారస్ దవడ పక్క పళ్ళు సాధారణంగా 0.6 దాటుతాయి. స్పైనోసారస్ పన్ను దాదాపు గుండ్రం, నిలువు గీతలతో ఉంటుంది, అంచుకు రంపపు పళ్ళు ఉండవు.

ఇప్పుడు అసలు పని. వేట డైనోసార్లలో చాలావాటి పంటి అంచుకు కొడవలికి ఉన్నట్టు కక్కులు ఉంటాయి. వెనక అంచు మీద, ఎత్తులో సరిగ్గా సగం దగ్గర, 5 మి.మీ.లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పెద్ద జాతుల్లో తరచుగా 8 నుంచి 15 మధ్య వస్తాయి. అంచు విరిగి 2 మి.మీ. మాత్రమే మిగిలితే, అక్కడి లెక్కను 2.5తో గుణించి, అలా చేశానని పక్కన రాయండి. ఫోన్‌తో ఫొటో తీసి తెర మీద లెక్కపెట్టడం మేలు. స్కేలు మాత్రం బల్ల మీద కాకుండా, మైనపు ముద్ద మీద అంచు ఎత్తుకు లేపి పెట్టాలి. కిందున్న స్కేలు చిన్నదిగా కనిపించి లెక్క తప్పుతుంది.

రెండు పళ్ళు కలిపి ఒకటి చేసిన మోసం ఈ లెక్కలోనే బయటపడుతుంది. అసలు పంటిలో కక్కులు మొన వైపూ మొదలు వైపూ క్రమంగా మారతాయి. అతుకుకు పైన 5 మి.మీ.లో 10, కింద 14 ఉంటే అది ఒక జంతువు పన్ను కాదనే అనుమానించాలి. కక్కుల వరుస అతుకు దగ్గర పక్కకు జరిగినా, ఎనామెల్ మీది నెరియ అక్కడ ఆగిపోయినా అంతే. నెరియ అసలుదైతే రంగు కింద దాగదు, లోపలి డెంటిన్‌లోకి సాగుతుంది.

వేర్లను నమ్మకండి. ఈ జంతువులకు జీవితాంతం పళ్ళు ఊడి కొత్తవి వచ్చేవి. అలా ఊడిన పంటికి వేరు కరిగిపోయి, అడుగున లోతు తక్కువ గుంట మిగులుతుంది. వేరుంటే ధర పెరుగుతుంది గనక, ఇసుకను జిగురుతో కలిపి వేరు చేసేవాళ్ళున్నారు. భూతద్దంలో గాలి బుడగలు చూడండి. చీకటి గదిలో యూవీ వెలుగు మచ్చలుగా మారితే పూత ఉన్నట్టే, మారకపోయినా పూత లేదని తేల్చలేం. అమ్మేవారు ఒప్పుకుంటే అడుగున అసిటోన్ దూదితో రుద్దండి. దూదికి గోధుమరంగు అంటితే రంగు వేశారన్నమాట.

పేరు చీటీ కన్నా చోటు చీటీ విలువైనది. మొరాకో కెమ్ కెమ్ పొరల నుంచి వచ్చిన చిన్న పళ్ళను డెల్టాడ్రోమియస్ అని అమ్ముతారు. 1996లో వర్ణించిన ఆ జంతువు తలగానీ పళ్ళుగానీ దొరకలేదు. అలాంటి పంటికి “థెరోపాడ్ (వేట డైనోసార్ల వర్గం), కెమ్ కెమ్” అని మాత్రమే రాయడం నిజాయితీ.

వచ్చే పాఠం విరిగిన పన్ను అతికించడం. పారలాయిడ్ బి-72 అనే జిగురు గుళికలు, అసిటోన్, బిగుతు మూతున్న గాజు సీసా తెచ్చుకోండి. కొన్ని ప్లాస్టిక్‌లు అసిటోన్‌లో కరుగుతాయి. ఆ జిగురు 40 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి, మే నెలలో అతికించిన పళ్ళను పడమటి గోడకు ఆనించిన ఇనప బీరువాలో ఉంచకండి.