నవలంతా తెరమీద ఉంది, అయినా నవలలా లేదు: సమస్య - పరిష్కారం

నవలను సినిమాగా తీస్తున్నవాళ్ళ కోసం ఇది. హక్కులు కాగితం మీద తీసుకున్నారనీ, నవల కనీసం రెండుసార్లు చదివారనీ, వన్‌లైన్ ఆర్డర్ (సీన్‌కొక లైన్ చొప్పున రాసుకున్న వరస) చేతిలో ఉందనీ అనుకునే రాస్తున్నాను.

సమస్య: నిడివి ఎక్కువైంది, అయినా పరుగెడుతున్నట్టుంది

కారణం: ఏ అధ్యాయాన్నీ వదల్లేక అన్నింటి నుంచీ తలా కాస్త తీసుకున్నారు. స్క్రిప్టులో పేజీకి దాదాపు ఒక నిమిషం అని అందరికీ తెలుసు, లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు. హాలీవుడ్ దర్శకుడు ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ‘మెక్‌టీగ్’ నవలను దాదాపు పేజీకి పేజీ తీసి ‘గ్రీడ్’ (1924) చేస్తే మొదటి కూర్పు ఎనిమిది గంటల దాకా వచ్చింది. స్టూడియో దాన్ని రెండు గంటల చిల్లరకు కోసేసింది.

పరిష్కారం: ప్రతి సీన్‌నూ చెక్కకండి. ఒక ఉపకథను వేళ్ళతో సహా తీసెయ్యండి. అది మనసొప్పకపోతే వెబ్ సిరీస్‌కి వెళ్ళండి.

సమస్య: సంఘటనలూ డైలాగులూ నవలవే, కానీ హీరోయిన్ మొండిదానిలా కనిపిస్తోంది

ఇది వచ్చిన ప్రతిసారీ తప్పు నటి మీదకో, సంగీతం మీదకో పోతుంది. ఎవరో ఒకరు వాయిస్ ఓవర్ పెడదామంటారు. అంతకంటే ముందు చూడాల్సింది ఒకటుంది: నవల ఎవరి కళ్ళతో నడిచింది, మీ సీన్లు ఎవరి కళ్ళతో నడుస్తున్నాయి?

ఉదాహరణకు, నవలలో హీరోయిన్ వరండాలో నిలబడి ఉంటుంది. హీరో ఇంకో అమ్మాయితో కారు దిగుతాడు, ఆమెను చూసి మాట ఆపేస్తాడు. మనకూ అంతే తెలుసు. ఆమె అనుమానమే మన అనుమానం, అందుకే రెండు వందల పేజీలు ఆమె వెంట నడుస్తాం. స్క్రిప్టుకొచ్చేసరికి హీరోకి సీన్లు తక్కువయ్యాయని టెన్షన్ మొదలవుతుంది. స్నేహితుడితో ఒక సీన్ కలుపుతారు. అందులో ఆ అమ్మాయి తన చెల్లెలని అతను చెప్పేస్తాడు. ఇక అక్కడి నుంచి హాల్లో అందరికీ నిజం తెలుసు, ఆమెకు తప్ప. ఆమె ఏడ్చిన ప్రతిసారీ జనం విసుక్కుంటారు. నవలలో ఒక్క వాక్యం కూడా మార్చలేదు కాబట్టి తప్పెక్కడుందో స్క్రిప్టులో ఎంత వెతికినా దొరకదు.

పరిష్కారం: వన్‌లైన్ ఆర్డర్ పక్కన ఇంకో గడి గీసి, ప్రతి సీన్ ఎదురుగా ‘ఎవరి కళ్ళు’ అని రాయండి. ఒక్క పూట పని, అయినా దీన్నే అందరూ ఎగ్గొడతారు. ఆమె లేని ప్రతి సీన్ దగ్గరా ఆగి, ఆమెకు తెలియనిది ప్రేక్షకుడికి ఏం తెలుస్తోందో చూడండి. రహస్యం బయటపడుతుంటే ఆ సీన్‌ను ఆమెకు తెలిసిన తర్వాతికి జరపండి. హీరో కనిపించాల్సిందే అంటే బయటి నుంచి చూపించండి: అద్దాల తలుపు అవతల ఫోన్లో మాట్లాడుతుంటాడు, మాట వినబడదు, చివర్లో నవ్వుతాడు. అతనికి సీన్ దక్కుతుంది, ఆమె అనుమానమూ పెరుగుతుంది.

1938 నాటి ‘రెబెక్కా’ నవలను పేరులేని రెండో భార్యే చెబుతుంది. దర్శకుడు హిచ్‌కాక్ 1940లో దాన్ని సినిమాగా తీసినప్పుడు చనిపోయిన మొదటి భార్య ముఖం ఒక్కసారి కూడా చూపించలేదు. ఆమె చనిపోయిన రాత్రి జరిగింది భర్త చెబుతున్నప్పుడు ఫ్లాష్‌బ్యాక్ వెయ్యడానికి చక్కటి అవకాశం ఉంది. వెయ్యలేదు. ఆమె లేచిన చోటు, నడిచిన దారి, ఖాళీ గదిలో కెమెరా మాత్రమే కదులుతుంది. ఆమె చావు నవలలో హత్య, సినిమాలో ప్రమాదం. అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమావళి వల్ల మార్చాల్సి వచ్చింది. కథలో అంత పెద్ద ముడి మార్చినా అది ఆ నవలలాగే ఉంటుంది, చూసే కళ్ళు మారలేదు కనక.

కొన్ని నవలల్లో అధ్యాయానికొకరి కళ్ళుంటాయి. అప్పుడు గడి అధ్యాయాల వారీగా నింపండి, పద్ధతి అదే.

సమస్య: పది నిమిషాలకోసారి ఉలిక్కిపడేలా చేస్తోంది, చివరికి ఏదీ తగలడం లేదు

కారణం: నవల మొదట వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ప్రతి వారం చివర్లో ఒక మలుపు ఉండాలి కాబట్టి రచయిత పెట్టారు. వారం ఆగి చదివేవాళ్ళకు అది సరిపోయింది. ఒకేసారి కూర్చుని చూసేవాళ్ళకు మూడు నాలుగు చాలు, మిగతావి మామూలు సీన్లుగా దించెయ్యండి.

మిగతావి

పాఠకులు ఊహించుకున్న ముఖం వేరు కావడం: పోస్టర్ రోజు గొడవ, సినిమా బాగుంటే మర్చిపోతారు. పాత కాలం నవలలో ఉత్తరాల స్థానంలో మెసేజ్‌లు పెట్టాలా అన్నది: కాలం మారిస్తే పెట్టండి, లేకపోతే వద్దు. రచయితకు స్క్రిప్టు నచ్చకపోవడం: ఒప్పందంలో ఏం రాసుకున్నారో చూసుకోండి.