కణాలు కలపకముందే: బార్‌కోడ్ ప్రయోగానికి జాగ్రత్తలు

అలిపిరిలో లగేజీ అప్పజెప్పి మెట్లెక్కేవాళ్లు టోకెన్ చీటీని జేబులో భద్రంగా పెట్టుకుంటారు. పైన సంచి చేతికి రావాలంటే ఆ చీటీయే దిక్కు. ఎన్నో నమూనాల కణాలను కలిపేసి, ఒక్కో కణంలోని ఆర్‌ఎన్‌ఏను విడివిడిగా చదవడమే పూల్డ్ సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్. అందులో ఏ కణం ఎక్కడిదో తెలియడానికి ముందే వైరస్‌తో కణంలోకి పంపే చిన్న డీఎన్‌ఏ గుర్తు, అంటే బార్‌కోడ్‌దీ అదే పని. ఒకే నంబరు రెండు సంచులకు పడితే విప్పి చూసుకోవచ్చు. కణాన్ని చదవాలంటే పగలగొట్టాల్సిందే, మళ్లీ చూసుకునే వీలుండదు.

మొదట ప్లాస్మిడ్ లైబ్రరీ, అంటే వేర్వేరు బార్‌కోడ్‌లు మోసే గుండ్రటి డీఎన్‌ఏ ముక్కల గుంపు. బార్‌కోడ్ రిపోర్టర్ జన్యువు (వైరస్ సోకిన కణాన్ని వెలిగించి చూపే జన్యువు) చివర, పాలీ ఏ తోకకు (ఆర్‌ఎన్‌ఏ కొసన వరుసగా ఉండే ఏ అక్షరాలకు) దగ్గరగా ఉండాలి. ఆర్‌ఎన్‌ఏను చదవడానికి వాడే 3 ప్రైమ్ కిట్లు ఆ చివరనే చదువుతాయి, దూరమైతే బార్‌కోడ్ రీడ్‌లో పడదు. బార్‌కోడ్ లోపల AATAAA (ఆర్‌ఎన్‌ఏను అక్కడ ముగించమనే సంకేతం) రాకుండా చూడండి, వస్తే ఆర్‌ఎన్‌ఏ అక్కడే తెగిపోవచ్చు. ఏ రెండు బార్‌కోడ్‌ల మధ్యనైనా కనీసం 3 అక్షరాల తేడా ఉంటే, సీక్వెన్సింగ్‌లో ఒక అక్షరం తప్పు పడినా అసలుది పట్టుకోవచ్చు. బార్‌కోడ్‌ను కణంలోకి మోసుకెళ్లే లెంటివైరస్ తయారీకి వాడే ప్లాస్మిడ్‌లు, వాటిని పెంచే బ్యాక్టీరియాలో ముక్కలు మార్చుకుంటాయి కాబట్టి స్టెబుల్3 లాంటి బ్యాక్టీరియా రకాన్ని 30 డిగ్రీల దగ్గర పెంచడం మేలు. 1,000 బార్‌కోడ్‌ల లైబ్రరీకి లక్ష బ్యాక్టీరియా కాలనీలైనా రావాలి.

అసలు చిక్కు వైరస్ మోతాదులో ఉంది. కణాల సంఖ్యలో పదో వంతు, సోకగల వైరస్ రేణువులు వేస్తే (ఎంఓఐ, అంటే కణానికి ఎన్ని రేణువులన్న లెక్క, 0.1) నూటికి సుమారు 10 కణాలకే సోకుతుంది, సోకినవాటిలో 95 శాతానికి ఒక్క బార్‌కోడే ఉంటుంది. 0.3కి పెంచితే సోకేవి 26, ఒంటరి బార్‌కోడ్‌వి 86 శాతం. 1 దగ్గర సోకేవి 63, కానీ ఒంటరివి 58 శాతమే. కణాలు ఎక్కువ దొరుకుతాయని ఆశపడి మోతాదు పెంచడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. తక్కువే వేసి, సోకినవాటిని 2–3 రోజుల తర్వాత సార్టర్‌తో (కణాలను వెలుగును బట్టి వేరుచేసే యంత్రంతో) ఏరుకోండి. టైటర్ (వైరస్‌లో సోకగల రేణువులెన్నో చెప్పే లెక్క) కూడా అదే కణాల మీద, ఒకసారి గడ్డకట్టించి కరిగించిన వైరస్‌తోనే చూడాలి. తాజా వైరస్‌తో చూసిన లెక్క ఫ్రీజర్‌లోంచి తీసినదానికి సరిపోదు.

రెండో లెక్క, లైబ్రరీ ఎంత పెద్దది? లక్ష బార్‌కోడ్‌లు సమానంగా ఉన్నాయనుకోండి. 1,000 కణాలకు వేస్తే 99 శాతానికి తమదైన బార్‌కోడ్ దక్కుతుంది. 10,000 కణాలకైతే 90 శాతం, లక్ష కణాలకైతే 37 శాతమే. నిజం లైబ్రరీలు సమానంగా ఉండవు, అందుకే లైబ్రరీని ముందే ఒకసారి సీక్వెన్స్ చేయించాలి.

గైడ్ ఆర్‌ఎన్‌ఏ (క్రిస్పర్‌కు ఏ జన్యువును పట్టుకోవాలో చూపేది) ఒకచోట, దాని బార్‌కోడ్ దూరంగా మరోచోట ఉన్న డిజైన్‌కైతే ఇంకో గండం ఉంది. ఒక్కో వైరస్‌లో రెండు ఆర్‌ఎన్‌ఏ ప్రతులుంటాయి, ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ రాసే ఎంజైము రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ ఒకదాని మీంచి మరోదానికి దూకుతుంది. ప్లాస్మిడ్‌లన్నీ కలిపి వైరస్ చేస్తే జతలు తారుమారవుతాయి. ఒక్కోదాన్నీ వేరుగా వైరస్‌లో ప్యాకేజ్ చేసి తర్వాత కలపడం శ్రమే, కానీ తప్పదు. లేదంటే గైడ్‌నే నేరుగా చదివే పద్ధతికి మారండి.

లెంటివైరస్ పనికి సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి, బీఎస్‌ఎల్-2 (రెండో స్థాయి జీవభద్రత) గది ఉండాలని వేరే చెప్పనక్కర్లేదు.

తిరుపతి ఎండను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, కరెంటు పోయి మైనస్ 80 ఫ్రీజర్ వేడెక్కితే వైరస్ టైటర్ పడిపోతుంది. చిన్న వయల్స్‌గా పంచి, ఒకటి తీస్తే ఒకటే వాడండి. సీక్వెన్సింగ్‌కు బెంగళూరో హైదరాబాదో పంపాల్సివస్తే బతికున్న కణాలు వద్దు, సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తయారుచేసిన డీఎన్‌ఏ నకలు) పంపండి. డ్రై ఐస్ పెట్టె మూతను గాలి చొరకుండా బిగించొద్దు, వాయువు వత్తిడికి పెట్టె పగులుతుంది. బ్రహ్మోత్సవాల వారంలో కొరియర్‌ను నమ్ముకోకపోవడం మంచిది.

కలిపే రోజు ప్రతి నమూనానూ విడిగా లెక్కించి, బతికున్న కణాల సంఖ్య ప్రకారమే కలపాలి. మిల్లీలీటరుకు 10 లక్షల కణాలున్న రెండు నమూనాల్లో ఒకదాంట్లో 95 శాతం, రెండోదాంట్లో 60 శాతం బతికున్నాయనుకోండి. సమాన పరిమాణాల్లో కలిపితే బతికినవి 61:39గా వస్తాయి. పైగా చచ్చిన కణాల ఆర్‌ఎన్‌ఏ ద్రవంలోకి కారి, వాటి బార్‌కోడ్ అన్ని బిందువుల్లోనూ (ఒక్కో కణాన్ని విడిగా పట్టి ఉంచే చిన్న చుక్కల్లోనూ) కనబడుతుంది. 60 శాతం నమూనాను అసలు కలపొద్దు, 90 పైన ఉండాలి. 0.04 శాతం బీఎస్‌ఏ (ఒక ప్రొటీన్) వేసిన పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో కడిగి, 40 మైక్రాన్ల జల్లెడ పట్టి, మైక్రోలీటరుకు 700–1,200 కణాల దగ్గర ఉంచండి. ప్రతి నమూనా నుంచి ఒక వయల్ కలపకుండా ఫ్రీజ్ చేసి పెట్టుకోవడం మరవద్దు.

సీడీఎన్‌ఏ మొత్తం జీన్ ఎక్స్‌ప్రెషన్ లైబ్రరీకే (ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చదివేందుకు చేసే నమూనాకే) ఖర్చు చేయకండి. మిగిల్చినదాంట్లోంచి బార్‌కోడ్‌ను వేరే పీసీఆర్‌తో (డీఎన్‌ఏ ప్రతులను విడతలు విడతలుగా పెంచే పద్ధతితో) పెంచితే దొరకని కణాలు చాలావరకు దొరుకుతాయి. సైకిళ్లు మరీ ఎక్కువైతే ఒక కణం బార్‌కోడ్ మరో కణానికి అతుక్కున్న బూటకపు ముక్కలు పుడతాయి, కాబట్టి తక్కువ సైకిళ్లతో సరిపెట్టండి.

డేటాలో ఒకే కణానికి రెండు బార్‌కోడ్‌లు కనిపిస్తే వెంటనే డబ్లెట్ (ఒకే బిందువులో చిక్కుకున్న రెండు కణాలు) అని తీసేయొద్దు. నిజంగా రెండు వైరస్‌లు సోకిన కణమైతే ఆ జత దాని పిల్ల కణాల్లోనూ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఒకే బిందువులో చిక్కుకున్న రెండు కణాలైతే ఆ జత సాధారణంగా ఒక్కసారే వస్తుంది.