క్రోషేతో గట్టి బుట్ట – రెండవ పాఠం: చదునైన అడుగు, నిటారైన గోడ

మొదటి పాఠంలో రెండు నూలు దారాలను కలిపి పట్టుకుని, 5 మిల్లీమీటర్ల హుక్‌తో మ్యాజిక్ రింగ్ (లాగి బిగించగల దారపు ఉచ్చు) వేసి, అందులో 6 సింగిల్ క్రోషే కుట్లు (క్రోషేలో ప్రాథమికమైన పొట్టి కుట్లు) అల్లాం. ఆ చిన్న వృత్తమే ఈ పాఠంలో బుట్ట అడుగుగా విస్తరించి, గోడగా పైకి లేస్తుంది. వస్తువులు పెట్టగానే చతికిలబడే బుట్టకూ, ఖాళీగా ఉన్నా నిలబడే బుట్టకూ తేడా దారం లావులో కంటే కుట్ల బిగువులోనూ, లెక్కలోనూ ఎక్కువగా ఉంటుంది. కాబట్టి అల్లిన చోట వెలుతురుకు ఎత్తి చూసినప్పుడు కుట్ల మధ్య సందులు కనబడితే, ముందుకు సాగకుండా ఒక సైజు చిన్న హుక్‌తో మళ్లీ మొదలుపెట్టడమే మేలు. తర్వాత గంజి పెట్టి బిగించవచ్చని వదిలేస్తే, ఒక్కసారి ఉతికేసరికి ఆ బిగువు పోతుంది.

అడుగు చదునుగా రావాలంటే ప్రతి చుట్టులోనూ 6 కుట్లు పెరగాలి. వృత్తం వ్యాసార్ధం ఎంత పెరిగితే చుట్టుకొలత దానికి 6 రెట్ల కంటే కాస్త ఎక్కువగా పెరుగుతుంది. సింగిల్ క్రోషే కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం గనుక చుట్టుకు 6 కుట్లు చేరిస్తే సరిపోతుంది. ఒకే కుట్టులో రెండు కుట్లు వేయడాన్ని ఈ పాఠాల్లో పెంపు అంటున్నాం. రెండవ చుట్టులో ప్రతి కుట్టులోనూ పెంపు వేస్తే 12 కుట్లు అవుతాయి. మూడవ చుట్టులో ఒకటి మామూలుగా, తర్వాతిది పెంపుగా వేస్తూ పోతే 18. నాలుగవ చుట్టులో రెండు మామూలు కుట్లకు ఒక పెంపు చొప్పున 24. ఈ క్రమంలోనే పదవ చుట్టుకు 60 కుట్లు వస్తాయి. ఐదవ చుట్టు ముగిశాక వ్యాసం కొలిస్తే, పదవ చుట్టుకు దాదాపు దానికి రెట్టింపు వస్తుందని ముందే తెలుస్తుంది. అడుగు ఇంకా వెడల్పుగా కావాలనుకునేవారు గోడ మొదలుపెట్టక ముందే చుట్లు పెంచుకోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పెంపులు ప్రతి చుట్టులోనూ ఒకదానిపై ఒకటి పడితే అడుగు గుండ్రంగా రాకుండా ఆరు మూలలు తేలుతుంది. దీనికి విరుగుడుగా నాలుగవ చుట్టు నుంచి సరిసంఖ్య చుట్లలో మామూలు కుట్లను సగానికి విడగొట్టి మొదలుపెట్టాలి. ఉదాహరణకు ఆరవ చుట్టులో ముందుగా 2 మామూలు కుట్లు, ఒక పెంపు. ఆపై 4 మామూలు కుట్లు, ఒక పెంపు అనే వరసను ఐదుసార్లు. చివర మిగిలిన 2 మామూలు కుట్లు. మొత్తం 36 వస్తాయి. చుట్టు చివర, ఎత్తు లేకుండా కలిపే కుట్టైన స్లిప్ స్టిచ్‌తో కలపకుండా సర్పిలంగా సాగిపోవడమే నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే అతుకు గీత కనబడదు. అయితే ప్రతి చుట్టు మొదటి కుట్టుకు మార్కర్ (గుర్తు కోసం తగిలించే చిన్న క్లిప్పు) తప్పనిసరిగా తగిలించాలి. అంచు అలలు అలలుగా లేస్తే పెంపులు ఎక్కువైనట్టు, గిన్నెలా పైకి ముడుచుకుంటే తక్కువైనట్టు గుర్తించి, అప్పటికప్పుడే లెక్క సరిచూసుకోవాలి.

బుట్ట తీరు తేలేది పదకొండవ చుట్టులోనే. అల్లికను పైనుంచి చూస్తే ప్రతి కుట్టు తలపైన రెండు పోగులు గొలుసులా పడుకుని ఉంటాయి: ఒకటి మీ వైపు, మరొకటి అవతలి వైపు. ఇంతవరకూ హుక్‌ను ఆ రెండింటి కిందుగా దూర్చాం. ఈ ఒక్క చుట్టులో అవతలి పోగు కిందుగా మాత్రమే దూర్చి, పెంపులు లేకుండా 60 కుట్లూ వేయాలి. వదిలేసిన ఇవతలి పోగులు అడుగు చుట్టూ సన్నని గట్టులా తేలుతాయి. ఆ గట్టు దగ్గరే అల్లిక మడత పడి గోడ మలుపు తిరుగుతుంది. పన్నెండవ చుట్టు నుంచి మళ్లీ రెండు పోగుల కిందుగానే, పెంపులు లేకుండా అల్లాలి. మొదటి రెండు మూడు చుట్ల వరకూ గోడ బయటికి వాలినట్టే ఉంటుంది; వేళ్లతో మడతను నొక్కుతూ సాగితే క్రమంగా నిటారుగా నిలుస్తుంది. కుట్ల ముఖభాగం బయటికి ఉండేలా, మీకు దగ్గరగా ఉన్న అంచుమీదే అల్లుతున్నారో లేదో ఈ దశలోనే చూసుకోవాలి. అవతలి అంచుమీద అల్లుతున్నట్లయితే అల్లిక లోపలిది బయటికి తిరిగి ఉందన్నమాట, వెంటనే తిప్పేయండి.

గోడలో చుట్టు చుట్టుకూ 60 లెక్కపెట్టడం విసుగనిపించినా మానవద్దు. మార్కర్ పక్కనున్న కుట్టు తరచుగా తప్పిపోతుంది. నాలుగైదు చుట్లలో అలా జరిగితే గోడ పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. కొత్త దారం కలపవలసి వచ్చినప్పుడు రెండు దారాలనూ ఒకే చోట మార్చకుండా కొన్ని కుట్ల ఎడంగా మారిస్తే అక్కడ ఉబ్బు రాదు.

గోడ 12 చుట్లు అల్లాక దారం తెంచకుండా, హుక్‌మీది లూప్‌ను మార్కర్‌కు తగిలించి ఆపండి. మూడవ పాఠంలో పిడులు వేస్తాం. సర్పిలపు అల్లికలో కుడిచేతివారి కుట్లు చుట్టు చుట్టుకూ కాస్త కుడివైపు జరుగుతాయి కనుక, పిడుల చోటును అడుగు నుంచి కంటి అంచనాతో నిర్ణయిస్తే అవి ఎదురెదురుగా రావు. చివరి చుట్టులోనే మొదటి కుట్టు నుంచి లెక్కపెట్టి 12, 19, 42, 49 స్థానాల్లోని కుట్లకు వేరే రంగు దారపు ముక్కలు కట్టి ఉంచండి. 12 నుంచి 19 వరకు ఉన్న 8 కుట్లపైన ఒక పిడి, 42 నుంచి 49 వరకు ఉన్న 8 కుట్లపైన రెండవ పిడి వస్తాయి.