షో అయిన రాత్రి బండెక్కకండి: టూర్‌కు వెళ్తున్న ఇండీ గాయకులకు జాగ్రత్తలు

పోయిన నెల తెల్లవారుజామున నాలుగున్నరకు నాకు ఫోన్ వచ్చింది. విజయవాడలో షో ముగించుకుని హైదరాబాద్ వస్తున్న ముగ్గురు కుర్రాళ్ల కారు, సూర్యాపేట దాటాక రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దింది. ముగ్గురూ బతికారు. గిటారు వాయించే అబ్బాయి ఎడమ మణికట్టు రెండు చోట్ల విరిగింది, ప్లేట్లు వేశారు. మునుపటిలా గిటారు తీగలు నొక్కిపట్టగలడో లేదో డాక్టర్లు ఇంకా చెప్పడం లేదు. బండి నడిపింది ఆ రాత్రి రెండు గంటలు నిలబడి పాడిన అబ్బాయే.

సొంత పాటలు పాడుకునే మనలాంటి ఇండీ గాయకులకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా షోల కాలం. కాలేజీ ఫెస్టులు, కేఫెలు, ఇళ్లలో పెట్టుకునే చిన్న కచేరీలు అన్నీ అప్పుడే. ఇప్పుడు అందరూ డేట్లు ఖాయం చేసుకుంటూ ఉంటారు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. స్పేర్ తీగలు, స్పేర్ కేబుల్, నీళ్ల సీసా గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. పన్నెండేళ్లుగా సొంత పాటలు పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నాను. మనవాళ్లను ముంచిన తప్పు ఒకటే మళ్లీ మళ్లీ చూశాను. షో అయ్యాక అదే రాత్రి రోడ్డెక్కడం.

ఈ తప్పు ఇంట్లోనే మొదలవుతుంది

రాత్రి ఒంటిగంటకు కారు దగ్గర నిలబడి తీసుకునే నిర్ణయమని అనుకుంటాం. అప్పటికి నిర్ణయించడానికి ఏమీ మిగలదు. నెల ముందే, లెక్కలు వేసుకునే రోజే అది అయిపోతుంది. షోకు పదిహేను వేలు వస్తుందనుకుందాం. కారు, డీజిల్, టోల్, తిండి, తోటి వాయిద్యకారుడికి ఇవ్వాల్సింది తీసేస్తే చేతికి మిగిలేది కొంచెమే. ఆ కాగితంలో "లాడ్జి: రెండు వేలు" అన్న లైను కళ్లకు గుచ్చుకుంటుంది. దాన్ని కొట్టేస్తాం. శుక్రవారం విజయవాడ, శనివారం విశాఖ అని పక్కపక్కన రాసేస్తాం. నేనూ అలా రాసినవాడినే. విజయవాడ నుంచి విశాఖ 350 కిలోమీటర్లు. సౌండ్‌చెక్‌కు (షోకు ముందు మైకులు, స్పీకర్లు సరిచూసుకోవడానికి) మధ్యాహ్నం మూడింటికి అక్కడ ఉండాలంటే, తెల్లారి నిదానంగా లేచి, టిఫిన్ తిని బయల్దేరడానికి కుదరదు. కాబట్టి రాత్రే వెళ్లిపోతాం. ఆ రాత్రి ప్రయాణాన్ని మనమే నెల ముందు కాగితం మీద రాసిపెట్టాం.

అందుకే మొదటి నియమం: లెక్క వేసేటప్పుడు అన్నిటికంటే ముందు రాయాల్సింది గది అద్దె. అది తీశాక మిగిలిన దాంట్లోనే టూర్. గిట్టుబాటు కాకపోతే ఆ ఊరు మానేయండి. రెండు షోల మధ్య 250 కిలోమీటర్లు దాటితే మధ్యలో ఒక రోజు ఖాళీ వదలండి. నిర్వాహకులతో మాట్లాడేటప్పుడే చెప్పండి, "రెండు వేలు తగ్గించి ఇచ్చినా సరే అండీ, గది మాత్రం మీరే చూడాలి" అని. చాలామంది ఒప్పుకుంటారు. మనం అడగం, అంతే.

రాత్రి ఒంటిగంటకు మన ఒంట్లో ఏం జరుగుతుంది

షో రోజు ఎలా ఉంటుందో చూడండి. పొద్దున ఏడింటికి లేస్తాం. మూడింటికి సౌండ్‌చెక్. ఎనిమిదికి షో, పదికి అయిపోతుంది. తర్వాత ఫొటోలు, మాటలు, టీషర్టులు అమ్ముకోవడం. సామాను సర్దేసరికి పదకొండున్నర. తినేసరికి పన్నెండున్నర. బయల్దేరేసరికి ఒంటిగంట. అంటే లేచి 18 గంటలైంది. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి స్పందించే వేగం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే పరిమితి 0.03 శాతం. ఒక్క చుక్క ముట్టకపోయినా మనం ఆ గీత దాటేసి ఉంటాం.

ఇందులో గాయకులను ప్రత్యేకంగా మోసం చేసేది ఒకటుంది. షో బాగా జరిగితే ఆ ఊపు బయల్దేరాక కూడా ఒంట్లో ఇంకో గంటా గంటన్నర ఉంటుంది. "అస్సలు నిద్ర రావట్లేదు, నేను నడుపుతా" అంటాం, నిజంగానే అంటాం. రెండు, మూడు గంటల మధ్య ఆ ఊపు దిగిపోతుంది. మనిషి శరీరం నిద్రలోకి బాగా లాగే సమయం సరిగ్గా అదే, రెండు నుంచి ఐదు దాకా. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 25 మీటర్లు వెళ్తుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే వంద మీటర్లు. టెయిల్ లైటు లేకుండా ఆగి ఉన్న లారీ కనిపించడానికి ఆ వంద మీటర్లే కావాలి. డిసెంబరు, జనవరిలో పొగమంచు పడితే అవీ ఉండవు.

కేరళ వయొలినిస్ట్ బాలభాస్కర్ కారు 2018 సెప్టెంబరు 25 తెల్లవారుజామున, త్రిశూర్ నుంచి తిరువనంతపురం వెళ్తూ చెట్టును ఢీకొంది. ఆయన రెండేళ్ల పాప ఆ ప్రమాదంలోనే చనిపోయింది. వారం తర్వాత, అక్టోబరు 2న ఆయనా పోయారు. నలభై ఏళ్ల వయసు. ఆ వార్త చదివిన రోజు నేను విశాఖ షో డేటు మార్చుకున్నాను.

డ్రైవర్‌ను పెట్టుకున్నాం కదా అంటారు. ఆ డ్రైవర్ అన్న ఎక్కడ పడుకున్నాడో ఎప్పుడైనా చూశారా? పొద్దున మిమ్మల్ని ఎక్కించుకుని ఆరు గంటలు నడిపాడు. మీరు పాడుతున్నంతసేపూ పార్కింగులో సీటు వెనక్కి వాల్చుకుని దోమలతో కూర్చున్నాడు. అది నిద్ర కాదు. మీకు గది తీసుకున్నప్పుడు ఆయనకూ మంచం తీసుకోండి. మీరు మంచం మీద పడుకుని ఆయన్ను కారులో పడుకోబెడితే, ఉదయం మీ ప్రాణం నిద్ర లేని మనిషి చేతిలో పెట్టినట్టే. షో అయ్యాక బండెక్కకూడదన్న మాట ఆయనకు కూడా వర్తిస్తుంది.

స్టేజీ మీద కరెంటు, గొంతు

ఇది నేను చూసిన రెండో పెద్ద ప్రమాదం. పెదవి మైకుకు తగులుతుంది, వేళ్లు గిటారు తీగల మీద ఉంటాయి. మైకు ఒక లైను నుంచి, యాంప్ (గిటారు శబ్దం పెంచే పెట్టె) ఇంకో లైను నుంచి నడుస్తూ రెండింట్లో ఒకదానికి ఎర్త్ లేకపోతే, కరెంటు మన ఒంట్లోంచి దారి చేసుకుంటుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్కాటిష్ గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీదే ఇలా చనిపోయాడు. మన దగ్గర ఆరుబయట షోలు జనరేటర్ మీద, తడి నేల మీద జరుగుతాయి. యాంప్‌కూ సౌండ్ సిస్టమ్‌కూ ఒకే బోర్డు నుంచి కరెంటు ఇమ్మని అడగండి. చిన్న మల్టీమీటర్ కొనుక్కోండి. గిటారు యాంప్‌కు తగిలించాక, మీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి ఒక మొన మైకు జాలీకి, ఇంకో మొన గిటారు తీగకు ఆనించండి. అంకె సున్నా దగ్గర ఉండాలి. లేకపోతే సౌండ్‌వాళ్లు సరిచేసేదాకా గిటారు, మైకు ముట్టుకోకండి. హమ్ (స్పీకర్లో వచ్చే గుయ్‌మనే శబ్దం) పోతుందని ప్లగ్‌కు ఎర్త్ ఇచ్చే మూడో పిన్ను తీసేసేవాళ్లున్నారు. వాళ్ల వైరుకు మీ గిటారు తగిలించకండి.

గొంతు బొంగురుపోతే ఆ రోజు షో ఆపండి. ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పాడేయొచ్చని ఎవరో ఒకరు చెప్తారు. అది వాపును తగ్గిస్తుంది గానీ గాయం అలాగే ఉంటుంది, దాని మీద పాడితే స్వరతంత్రిలో రక్తనాళం చిట్లవచ్చు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకుని పాడొద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది. ఈఎన్‌టీ డాక్టర్‌కు గాయకుడినని చెప్పి చూపించుకోండి. రాత్రంతా కారులో మేల్కొన్న గొంతే మర్నాడు బొంగురుపోతుంది. అదీ మళ్లీ ఆ గది దగ్గరికే వస్తుంది.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను.

- అడ్వాన్సు సగం బ్యాంకులో పడకుండా టికెట్లు కొనొద్దు. డబ్బు చేతికి రాని రాత్రే మనం గది మానేసి బయల్దేరతాం.
- గది సంగతి వాట్సాప్‌లో రాయించుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కకు రాదు.
- "ఇంకో రెండు గంటలే కదా" అని కారులో ఎవరైనా అంటే అక్కడే ఆపండి. నేను విన్న ప్రతి ప్రమాదం ముందు ఈ మాట ఉంది.
- కాఫీ నిద్రకు బదులు కాదు. పని చేయడానికే ఇరవై నిమిషాలు పడుతుంది, కాసేపటికి దిగిపోతుంది.
- దారిలో ఆగాల్సి వస్తే రోడ్డు అంచున ఆపొద్దు. వెలుగున్న పెట్రోలు బంకులోకి వెళ్లండి.
- ఇంజిన్ ఆన్‌లో ఉంచి, అద్దాలు మూసి, ఏసీ వేసుకుని కారులో నిద్రపోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.
- వెనక సీట్లోనూ బెల్టు పెట్టుకోవాలి. పడుకున్నా సరే, పెట్టుకునే.
- యాంప్ సీటు మీద పెట్టొద్దు. సీట్ల వెనక, కింద, తాడుతో బిగించి కట్టండి. గట్టి బ్రేకు పడితే పదిహేను కిలోల పెట్టె ముందు సీట్లో ఉన్నవాళ్ల మెడ మీదికి వస్తుంది.
- తెల్ల నంబరు ప్లేటు కారు అద్దెకు వద్దు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు.
- హైవే మీద 1033. అంబులెన్సు 108. ఏది గుర్తు రాకపోయినా 112.
- ఆరుబయట రాత్రి పదికి స్పీకర్లు ఆగాలి, చట్టం అది. ఏడుకే మొదలుపెట్టమని పట్టుబట్టండి.
- సంక్రాంతి వారంలో విజయవాడ హైవే మీద షోలు కలపొద్దు. పంతంగి టోల్ దగ్గరే గంటలు పోతాయి, ఆ పోయిన గంటలు రాత్రి డ్రైవింగ్‌తో పూడ్చుకోవాలని చూస్తారు. చూడకండి.
- రైలుంటే రైలే. గిటారు పై బెర్తు మీద, మీ పక్కనే.
- విమానమైతే పవర్ బ్యాంకు చేతి సంచిలో. గిటారు హార్డ్ కేసులో, తీగలు కొంచెం వదులు చేసి.
- మధ్యాహ్నం ఎండలో గిటారు డిక్కీలో వదలొద్దు. జిగురు మెత్తబడి బ్రిడ్జి (తీగలు కట్టే చెక్క) లేస్తుంది.
- ఆడపిల్లలు ఒంటరిగా వెళ్తుంటే నిర్వాహకుల ఇంట్లో బస ఒప్పుకోవద్దు. విడి గది, లోపల గడియ, లాడ్జి పేరు ఇంట్లోవాళ్ల ఫోన్లో.
- ఎవరైనా బతిమాలినా, అలిగినా, షో రాత్రి బయల్దేరొద్దు.
- టూర్ ఆఖరి షో రాత్రికి కూడా గది ఉంచండి. ఇంటి మంచం గుర్తొచ్చి ఎక్కువమంది బుకింగ్ రద్దు చేసేది ఆ రాత్రే. సూర్యాపేట దగ్గర గుద్దుకున్న కుర్రాళ్లకు అది టూర్‌లో చివరి షో. విజయవాడ గదిని వాళ్లు సాయంత్రం ఆరింటికి రద్దు చేసుకున్నారు.