గేటు దగ్గర ఒక పల్లవి

విశాఖలో గాజువాక నుంచి ఎంవీపీ కాలనీలోని ఇంటికి రోజూ బండి మీదే వస్తాను. ఎన్‌ఏడీ జంక్షన్ దాటేసరికే సగం ఓపిక అయిపోయేది. ఇంట్లో అడుగు పెట్టగానే పాప ఏదో అడిగేది, నేను కసిరేవాణ్ణి. ఒకరోజు నా బండి చప్పుడు వినగానే పుస్తకాలు సర్దుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు తెల్లారకుండానే ఆర్కే బీచ్‌కి వెళ్లాను. పొద్దున్నే ఆ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కాబట్టి హాయిగా నడవొచ్చు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దాటాక, అలల హోరులో ఎవరికీ వినబడదన్న ధైర్యంతో గొంతెత్తి పాడాను. ఎన్నేళ్లయిందో అలా పాడి! పాడేటప్పుడు చటుక్కున గాలి పీల్చుకుని, పాదం పూర్తయ్యేదాకా నెమ్మదిగా వదులుతాం. ఊపిరి అలా నిదానంగా బయటికి వెళ్తుంటే గుండె వేగం తగ్గుతుంది. నెమ్మదిగా చేసే ప్రాణాయామంలో ఉన్నదీ ఇదే.

అందుకే సాయంత్రం గేటు బయట బండి ఆపి, ఒక పల్లవి పూర్తిగా పాడుకున్నాకే లోపలికి వెళ్తున్నాను. ఫోన్ చెప్పుల స్టాండు మీదే ఉంటుంది. అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తాను. అమ్మ తన ఊరి నాట్ల పాట అందుకుంటే పాప స్టీలు పళ్లెం మీద తాళం వేస్తుంది.

మొన్న టెన్షన్‌లో మర్చిపోయి నేరుగా వచ్చేశాను. పాప నా ముఖం చూసి, "నాన్నా, పాట పాడలేదు కదా? మళ్లీ గేటు దగ్గరికి వెళ్లు, నేనూ వస్తా" అంది. ఇద్దరం వెళ్లాం.